చెయ్యి పెట్టి చూసే మనిషి

మిత్రమండలి క్లబ్బులో జానీబీకి పని దొరికింది తుమ్మనందుకు. వినడానికి నవ్వులాటగా ఉన్నా జరిగింది అదే.

ఆ రోజు పని కోసం నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. టెన్నిస్ కోర్టు వెనక ఇటుకలతో కట్టిన నాలుగు తొట్ల ముందు వాళ్ళని నిలబెట్టి, మేనేజరు జ్యోతిర్మయి మిర్చి తొడిమల గోతాం ఒకటి విప్పించింది. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లుంటాయి. వాటిలో ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తుంచుతారు. తుంచినవి బయట గుట్టలుగా పడి ఉంటాయి, ఎవరికీ అక్కర్లేదు. వంటింటి తడి చెత్త ఎరువు కావాలంటే దాంట్లో ఏదో ఒక ఎండు సరుకు కలపాలి, ఇదైతే ఊరికే వస్తుందని జ్యోతిర్మయి ఆలోచన. గోతాం మూతి విప్పగానే ఘాటు లేచింది. ముగ్గురు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్ముకుంటూ గేటు దాకా పోయారు. జానీబీ కదల్లేదు. వంగి, రెండు దోసిళ్ళ తొడిమలు తీసి తొట్టిలో పరిచి, "ఇంకా వెయ్యమంటారా మేడం?" అని అడిగింది.

"మీకు ఘాటు తగలదా జానీబీ?"

"పద్దెనిమిదేళ్ళు తొడిమలు తీశానమ్మా. అలవాటైపోయింది."

జ్యోతిర్మయికి ఆ జవాబు నచ్చింది. పర్చూరు పిల్ల, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఈ క్లబ్బుకు వచ్చి ఏడాది కాలేదు. పని ముందు తను చేసి చూపించి తరవాత చేయించే రకం. అప్పటికి జానీబీ కూతురు రుక్సానా అదే క్లబ్బు క్యాంటీన్లో నాలుగేళ్ళుగా పని చేస్తోంది. అమ్మని షెడ్డు మాన్పించి ఇక్కడికి తెచ్చింది కూడా ఆ అమ్మాయే.

క్లబ్బుకు పర్యావరణం మీద ప్రేమ పుట్టడం గురించి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. అంతకు ముందు వేసవిలో క్లబ్బు బోరు ఎండిపోయింది. ఈత కొలను నెల రోజులు ఖాళీగా పడి ఉంది, పచ్చిక గోధుమ రంగుకు తిరిగింది. మెంబర్లంటే పత్తి మిల్లుల వాళ్ళు, మిర్చి కమీషన్ వ్యాపారులు, డాక్టర్లు. తమ పొలాల్లో బోర్లు ఎండినప్పుడు ఎంత బాధపడ్డారో గానీ, కొలను ఎండినప్పుడు మాత్రం గట్టిగా కదిలారు. సెక్రటరీ నాగేంద్రబాబుకు జిన్నింగ్ మిల్లుంది. ఆయన పనిమీద వెళ్ళి ఏదో ఊళ్ళో ఒక క్లబ్బులో దిగాడు. ఆ క్లబ్బు గోడ మీద 'హరిత క్లబ్బు' అని పటం కట్టిన సర్టిఫికెట్ చూశాడు. అది మన గోడ మీద కూడా ఉండాల్సిందే అన్నాడు.

అక్కడ మొదలైంది. కార్డ్స్ రూము కప్పు మీద సోలార్ పలకలు వచ్చాయి. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు తీసేసి గాజు జగ్గులు పెట్టిన రోజు, జగ్గులో నీళ్ళు తాగే ఖర్మ మనకేమిటని ముగ్గురు పెద్దమనుషులు ఆట మధ్యలో లేచిపోయారు. ఏసీ ఇరవై ఆరుకు తగ్గకుండా కట్టుదిట్టం చేస్తే, చేతి చెమటకు పేకముక్కలు అంటుకుంటున్నాయని ఒకాయన కాగితం మీద రాసి ఫిర్యాదిచ్చాడు. సగం పచ్చిక తవ్వేసి పొగడ, కానుగ, నిద్రగన్నేరు మొక్కలు అరవై నాటారు. ఒక్కో మొక్కకు ఒక్కో మెంబరు ఇంట్లో వాళ్ళ పేరుతో పలక. కొలను కడిగిన నీళ్ళు కాలవలోకి వదలకుండా ట్యాంకులో పట్టి, క్లోరిన్ మందు వాసన పోయేదాకా రెండు రోజులు నిలవబెట్టి, ఆ మొక్కలకు పోసే బాధ్యత తోటమాలి బుల్లయ్యది. వంటింట్లో మిగిలిన అన్నం, కూరగాయల చెక్కు, టీ పొడి తొట్లలో ఎరువు చేసే బాధ్యత జానీబీది.

ఆ తొట్ల కోసం జ్యోతిర్మయి రాసిచ్చిన సామాన్ల జాబితాలో చివర, కుప్పలోకి గుచ్చి వేడి చూసే పొడుగాటి థర్మామీటరు ఒకటుంది. కమిటీలో దాని మీద అడ్డగీత పడింది. "చెయ్యి పెట్టి చూస్తే తెలియదా? చెత్తకి కూడా జ్వరం చూడాలా?" అన్నాడు నాగేంద్రబాబు. అందరూ నవ్వారు. ఆ కమిటీయే గేటు దగ్గర 'ఇది హరిత క్లబ్బు' అని వెలిగే బోర్డుకు నవ్వకుండా ఒప్పుకుంది.

"ఏం లేదు జానీబీ, మధ్యలోకి చెయ్యి పెట్టండి," అని జ్యోతిర్మయి చూపించింది. "వేడి తగిలితే లోపల ఇంకా ఉడుకుతోందని. చల్లబడితే ఎరువైపోయిందని. పచ్చిది మొక్కకి వేస్తే వేరు మాడిపోతుంది. మీ చెయ్యే మనకి మీటరు."

జానీబీ తల ఊపింది. చేతులు కొంగులో దాచుకుంది. తన చేతులకు వేడి తెలియదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

షెడ్డులో చేరిన కొత్తలో చేతులు మండేవి. ఇంటికొచ్చి మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. మూడు నాలుగేళ్ళకు మంట తగ్గింది, తగ్గినందుకు సంతోషించింది. మంటతో పాటు ఇంకేం పోతోందో గమనించలేదు. పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించేది. "మా అమ్మవి ఇనప చేతులు," అని రుక్సానా వాడంతా గొప్పలు చెప్పేది. జానీబీ కూడా నవ్వేది. ఏ డాక్టరుకూ చూపించలేదు. నొప్పి లేనిదాన్ని ఏమని చూపించాలి?

ఆమె భర్త గఫూర్ పరుపులు కుట్టేవాడు. దూది ఏకి, పరుపులో నింపి, సైకిలు మీద వేసుకుని ఇళ్ళకు చేర్చేవాడు. రెండేళ్ళ కిందట వానల్లో అతనికి జ్వరం తగిలింది. మాత్రలు వేసుకుని పడుకున్నాడు. మూడో రోజు పొద్దున రుక్సానా క్లబ్బుకు వెళ్తూ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "నాన్నకెలా ఉందే?" అని అడిగింది. జానీబీ అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఏమీ తగల్లేదు.

"జ్వరం జారిపోయింది. పడుకోనీ," అంది.

దుప్పటి కప్పి, గ్లాసుతో నీళ్ళు పక్కన పెట్టి, షెడ్డుకు వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి పక్కింటి వాళ్ళు ఫోన్ చేశారు. ఆస్పత్రిలో డాక్టరు, "పొద్దున్నుంచి ఇంత జ్వరంతో ఉంటే ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా?" అని కసిరాడు. రుక్సానా ఆయన మీదికి లేచింది. "పొద్దున లేదు సార్! మా అమ్మ చెయ్యి పెట్టి చూసింది." అప్పుడు జానీబీ గఫూర్ చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుని ఉంది. సెలైన్ సరిచేయడానికొచ్చిన నర్సు అతని మోచేతిని ముట్టుకుని, "అబ్బ, ఒళ్ళు కాలిపోతోంది," అంది. జానీబీ తన చేతుల వంక చూసుకుంది. వాటికి ఏమీ తెలియడం లేదు. చెక్కనో గుడ్డనో పట్టుకున్నట్టుంది.

మర్నాడు గఫూర్ పోయాడు. జానీబీకి ఏడుపు రాలేదు. వచ్చిన బంధువులు చెవులు కొరుక్కున్నారు. రుక్సానా మాత్రం పలకరించడానికొచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పింది: పొద్దున జ్వరం లేదు, అమ్మ చెయ్యి పెట్టి చూసింది, ఆ తరవాతే ఒక్కసారిగా పెరిగింది. ఆ మాట చెప్పుకుంటే ఆ పిల్లకు కాస్త ఊరట. చెప్పిన ప్రతిసారీ జానీబీ అక్కడే ఉంది, విన్నది, ఊరుకుంది. రెండేళ్ళు ఊరుకుంది. తిన్నది, పడుకుంది, లేచింది, పనికి పోయింది. లోపల కూడా చేతుల్లాగే అయిపోయింది.

మొదటి విడత ఎరువుకు ఇబ్బంది రాలేదు. మూడు నెలలని జ్యోతిర్మయి చెప్పింది, జానీబీ గోడ క్యాలెండరులో మూడు నెలలు లెక్కపెట్టి తీసింది. నల్లగా, పొడిపొడిగా వచ్చింది. "మీ చెయ్యి చల్లనిది," అని జ్యోతిర్మయి మెచ్చుకుంది.

రెండో విడతకు తొందరొచ్చింది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు మార్చి మొదట్లో తనిఖీకి వస్తామన్నారు. వాళ్ళు వచ్చేసరికి అరవై మొక్కల మొదళ్ళలో క్లబ్బు సొంత ఎరువు కనబడాలని నాగేంద్రబాబు పట్టు. కొత్త సంవత్సరం విందుల చెత్తతో నింపిన తొట్టి అది, నింపి నెలా పదిహేను రోజులైనా కాలేదు.

"కొన్ని తొందరగా అవుతాయట. ఒకసారి చూడండి జానీబీ," అంది జ్యోతిర్మయి.

జానీబీ పైపొర పక్కకు నెట్టి మణికట్టు దాకా చెయ్యి దూర్చింది. ఏమీ తగల్లేదు. తగలదని ఆమెకు తెలుసు. "తెలియడం లేదు" అన్న మాట నోటి దాకా వచ్చింది. అది చెబితే ఎప్పట్నుంచని అడుగుతారు. అటు కిటికీలో రుక్సానా గ్లాసులు కడుగుతోంది.

"చల్లగానే ఉందమ్మా."

ఎరువు బుట్టల్లోకి ఎత్తుతుంటే బుల్లయ్య ముక్కు ఎగబీల్చాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ తోటలో ఉన్న మనిషి. "ఏందమ్మా జానీబీ, ఇంకా పచ్చి వాసనేస్తందే?"

"తొడిమల ఘాటన్నా అది. చెయ్యి పెట్టి చూశాగా."

"నువ్వు చూసినాక ఇంకేముందిలే," అని బుట్ట నెత్తికెత్తుకున్నాడు.

వారం తిరక్కుండా నాగేంద్రబాబు గారి తల్లి పేరున నాటిన పొగడ మొక్క చివుళ్ళు నల్లబడ్డాయి. ఆ పక్కన డాక్టరు గారి మనవరాలి కానుగ ఆకులు అంచుల్నుంచి కాలినట్టు ముడుచుకున్నాయి. పది రోజులకు ముప్పై ఎనిమిది మొక్కలు పోయాయి. పేర్ల పలకలు మాత్రం నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఆ వరస చూసి సాయంత్రం నడకకొచ్చిన మెంబర్లు దారి మార్చుకుని పోయారు.

నాగేంద్రబాబు ఆఫీసులో అందర్నీ పిలిపించాడు. కుర్చీలో ఆయన, ఎదురుగా జ్యోతిర్మయి. గోడ వారగా బుల్లయ్య, అతని పక్కన జానీబీ నిలబడ్డారు.

"కొలను నీళ్ళు రెండ్రోజులు నిలవబెట్టి పొయ్యమని చెప్పారా లేదా?"

"చెప్పారండి. నిలవబెట్టే పోశానండి," అన్నాడు బుల్లయ్య.

"నిలవబెడితే ఎందుకు మాడిపోతయ్యయ్యా? మందు నీళ్ళు పోసి చంపావు. మా అమ్మ పేరు మీద పెట్టిన చెట్టది!"

"తెలవదండి."

జానీబీ పక్కకు చూసింది. పచ్చి వాసన సంగతి బుల్లయ్య ఇప్పుడు చెబుతాడనుకుంది. అతను చెప్పలేదు. తల వంచుకుని తువ్వాలు అంచు నలుపుతున్నాడు. ఒక ఆడమనిషి పేరు ముందుకు తోసి తను తప్పుకోవడం అతనికి చేతకాలేదు.

"రేపట్నించి రావద్దు. వేరే మనిషిని చూసుకుంటాం," అన్నాడు నాగేంద్రబాబు.

"సార్, ఒకసారి మట్టి పరీక్ష..." అని జ్యోతిర్మయి ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తాడు. అదే సమయానికి రుక్సానా తలుపు నెట్టుకుని పళ్ళెంతో టీ తెచ్చింది. స్టీలు గ్లాసుల్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి.

ఈ మాట కూతురి చెవిన పడకూడదనే జానీబీ రెండేళ్ళు నోరు కట్టుకుంది. బుల్లయ్య అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు.

"ఎరువు పచ్చిదండి," అంది జానీబీ.

నాగేంద్రబాబు చూశాడు. "చల్లారిందని చెప్పింది నువ్వే కదా?"

"నేనేనండి. నా చేతులకి వేడి తెలవదండి."

"తెలవకపోవడమేంటి?"

ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. రుక్సానా చేతిలోని పళ్ళెంలోంచి తనే ఒక గ్లాసు తీసుకుంది. అంచు పట్టుకోకుండా, అరచెయ్యంతా చుట్టి నిండు గ్లాసు పట్టుకుంది. పట్టుకుని అలాగే నిలబడింది. జ్యోతిర్మయి లేచొచ్చి ఆ గ్లాసు లాక్కోబోయి, వేళ్ళు చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది వేడో చల్లో నాకు తెలవదండి. ఆవిరి చూసి చెప్పాలి," అంది జానీబీ. "బుల్లయ్యన్న తప్పేం లేదండి. వాసనొస్తందని చెప్పాడు, నేనే కాదన్నాను."

"ఎప్పట్నుంచి జానీబీ ఇలా?" జ్యోతిర్మయి గొంతు తగ్గించి అడిగింది.

"ఎప్పట్నుంచో చెప్పలేనమ్మా. నాకు తెలిసింది మాత్రం రెండేళ్ళ కింద. ఆస్పత్రిలో."

ఆ గదిలో మిగిలిన ముగ్గురికీ అది ఒట్టి జవాబు. రుక్సానాకు కాదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా ఆ పిల్ల బయటికి వెళ్ళిపోయింది.

తరవాత జరిగినవన్నీ సాఫీగానే జరిగాయి. బుల్లయ్య పని పోలేదు. జానీబీ పని కూడా పోలేదు, ఆ తొడిమల దగ్గర తుమ్మకుండా నిలబడే మనిషి మరొకరు దొరకలేదు కాబట్టి. ముప్పై ఎనిమిది కొత్త మొక్కలు కడియం నర్సరీ నుంచి వ్యానులో దిగాయి, పాత పలకలే వాటికి పెట్టారు. తనిఖీకొచ్చిన వాళ్ళు భోజనం చేసి, ఫొటోలు దిగి, మొక్కలు బాగా పెరిగాయని మెచ్చుకుని వెళ్ళారు. సర్టిఫికెట్ పటం గోడకెక్కింది. జ్యోతిర్మయి ఈసారి ఎవర్నీ అడక్కుండా థర్మామీటరు తెప్పించింది. మూరెడు ఇనప పుల్ల, పైన గడియారం లాంటి బిళ్ళ, దాంట్లో ముల్లు. ముల్లు ఎక్కడుంటే ఏమిటో జానీబీకి రెండు నిమిషాల్లో వచ్చేసింది. అంత తేలిక. చెత్తకు జ్వరం చూడ్డానికి ఇంత పనిముట్టుందని, గఫూర్‌కు తన చెయ్యి తప్ప ఏమీ లేకపోయిందని ఆమె అనుకుంది. అనుకున్నా గుండె కదల్లేదు. అది కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది.

రుక్సానా మాట్లాడటం మానేసింది. ఇంట్లో అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, "తిను" అనేది. అంతకు మించి లేదు. ఎవరైనా నాన్న మాట ఎత్తితే మునుపటిలా ఆ పొద్దుటి సంగతి చెప్పడం లేదు. చెప్పడానికి ఇప్పుడు ఆ పిల్ల దగ్గర ఏమీ మిగల్లేదు. తిట్టినా బాగుండునని జానీబీ ఎదురుచూసింది. తిట్టలేదు.

మాటలాగిన పన్నెండో రోజు పొద్దున రుక్సానా వంటింటి చెత్త బకెట్టు తనే మోసుకొచ్చింది. మామూలుగా ఆ బకెట్టు కోసం జానీబీయే వెళ్తుంది. తొట్టిలో బకెట్టు బోర్లించి, పక్కనున్న గోతాంలోంచి తొడిమలు తీసి పైన చల్లింది. దగ్గొచ్చింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"నువ్వెందుకే, పో అవతలికి," అంది జానీబీ.

రుక్సానా పోలేదు. జానీబీ పక్క తొట్టిలో థర్మామీటరు గుచ్చి, ముల్లు నిలకడకు వచ్చేదాకా ఆగుతూ వంగి ఉంది. రుక్సానా వచ్చి బిళ్ళ మీదికి వంగింది.

"అరవై రెండు."

గోడకు వేలాడే పుస్తకంలో ఆ అంకె తనే రాసింది. రాసి, పెన్ను మూత పెట్టి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ పొద్దున నాన్నకి జ్వరం ఉందా?"

"తెలవదే."

"ఉండి ఉంటుందా?"

జానీబీకి చాలా జవాబులు తట్టాయి. రెండేళ్ళుగా కూడబెట్టుకున్న జవాబులు. ఒకటీ వాడలేదు. "ఉండి ఉంటుంది," అంది.

అవతల బుల్లయ్య కొత్త మొక్కలకు నీళ్ళు పెడుతున్న చప్పుడు వినబడుతోంది. రుక్సానా కొంగుతో ముఖం తుడుచుకుని తిరిగింది. అది తొడిమల ఘాటో, ఏడుపో జానీబీకి అర్థం కాలేదు. ఆ పిల్ల చూపు తల్లి ఎడమ చేతి మీద ఆగింది. వంగినప్పుడు ఆనుకోవడానికి పెట్టిన చెయ్యి, ఎప్పుడు దిగిందో, మణికట్టు పై దాకా కుప్పలోపల ఉంది.

"చెయ్యి తియ్యమ్మా," అంది రుక్సానా.

జానీబీ ఏమిటన్నట్టు చూసింది.

"తియ్యమ్మా, కాలుతోంది!"

ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టి బయటికి లాగింది. అంటుకున్న చెత్త దులిపింది. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. దాని మీద నోటితో ఊదింది, మళ్ళీ ఊదింది. జానీబీ నిలబడి చూసింది. కూతురు తన మణికట్టు గట్టిగా పట్టుకుని ఉందని, ఇంకా వదల్లేదని, కళ్ళతో చూసి తెలుసుకుంది.